రెండో దెబ్బ జాడ కోసం: పారాథైరాయిడ్ కణితుల ప్రాజెక్టు డైరీ

మొదటి వారం

ఎథిక్స్ కమిటీ అనుమతి పత్రం చేతికి అందింది. ఇన్నాళ్లూ కాగితం మీదే ఉన్న ప్రాజెక్టు ఇక ప్రయోగశాలలోకి అడుగుపెడుతున్నది కనుక, అసలు ప్రశ్న ఏమిటో మొదటి పేజీలోనే రాసి పెట్టుకుంటున్నాను. శస్త్రచికిత్సలో తీసి, రోగనిర్ధారణ పూర్తయ్యాక పాథాలజీ విభాగం మైనపు దిమ్మల్లో భద్రపరిచిన 18 పారాథైరాయిడ్ (మెడలో థైరాయిడ్ పక్కనే ఉండే చిన్న గ్రంథి) కణితులు మాకు దక్కాయి. వాటిలో, కణితులను అణచి ఉంచే మెన్‌-1 జన్యువుకు ఉన్న ప్రతులు రెండూ దెబ్బతిన్నాయా, ఒకటే దెబ్బతిన్నదా, రెండూ చెక్కుచెదరకుండా ఉన్నాయా అన్నది ఒక్కొక్క కణితికీ విడివిడిగా తేల్చాలి.

ఈ ప్రశ్నకు చాలా చరిత్ర ఉంది. పిట్యూటరీ, పారాథైరాయిడ్, పాంక్రియాస్ గ్రంథుల్లో కణితులు ఒకే కుటుంబంలో తరతరాలుగా వస్తున్నాయని పాల్ వెర్మర్ 1954లో వివరించాడు. పిల్లల కంటి కణితిని అధ్యయనం చేసిన ఆల్ఫ్రెడ్ నడ్సన్, కణితిని అణచి ఉంచే జన్యువుకు ఉన్న ప్రతులు రెండూ పోతేనే కణం అదుపు తప్పుతుందని 1971లో ప్రతిపాదించాడు. వంశపారంపర్యంగా వచ్చే రోగంలో మొదటి దెబ్బ పుట్టుకతోనే ఉంటుంది, రెండోది ఏదో ఒక కణంలో తర్వాత పడుతుంది. ఆ లెక్కనే ఆసరాగా చేసుకుని, కణితుల్లో 11వ క్రోమోజోము భాగం మాయమవుతున్నదని గమనించి, వెర్మర్ వివరించిన వ్యాధి జన్యువు అక్కడే ఉన్నదని 1988లో గుర్తించారు. 1997లో చంద్రశేఖరప్ప ప్రథమ రచయితగా వెలువడిన పరిశోధన ఆ జన్యువును, అంటే మెన్‌-1ను, పట్టి చూపింది. అది తయారుచేసే 610 అమైనో ఆమ్లాల ప్రోటీనుకు మెనిన్ అని పేరు పెట్టారు.

కుటుంబ చరిత్ర ఏమీ లేకుండా ఒకే ఒక గ్రంథిలో వచ్చే కణితుల్లో కూడా ఈ జన్యువు దెబ్బతిని ఉండవచ్చు. ఇప్పటివరకు వచ్చిన అధ్యయనాల్లో అటువంటివి సుమారు 12 నుంచి 35 శాతం దాకా కనిపించాయి. అంత వ్యత్యాసం ఎందుకు వస్తున్నదన్న అనుమానమే నన్ను ఈ పనిలోకి దింపింది. కణితులే వేర్వేరా, లేక మనం చూసే పద్ధతిలోనే తేడా ఉన్నదా?

రెండో వారం

ఈ వారమంతా దిమ్మలను పల్చటి ముక్కలుగా కోసే మైక్రోటోమ్ యంత్రం దగ్గరే గడిచింది. డీఎన్‌ఏ కోసం కోసే ముక్కలను స్లైడు మీదికి ఎక్కించనవసరం లేదు. మంచు మీద చల్లబరిచిన దిమ్మను పది మైక్రాన్ల మందాన కోస్తే మైనం పల్చగా చుట్ట చుట్టుకుని బ్లేడు అంచున నిలుస్తుంది, దాన్ని చిమటాతో తీసి నేరుగా ట్యూబులో వేసుకోవడమే. చూడటానికి సులువైన పనే. అయితే మా హిస్టాలజీ టెక్నీషియన్ గారు మొదటి దిమ్మ పూర్తవగానే నా చెయ్యి ఆపారు. "డాక్టరమ్మా, రంగు వేసి చూసే పనికైతే ఇదే బ్లేడు చాలు. మీరు ఇందులో డీఎన్‌ఏ వెతుకుతారు కదా, ఆ అంచున ఇందాకటి మనిషి ఇంకా ఉన్నారు" అన్నారు.

ఆ మాటతో పద్ధతి మార్చుకున్నాము. ఒక్కొక్క దిమ్మకూ కొత్త బ్లేడు వాడి, మధ్యలో చిమటాను, బ్లేడు బిగించే చోటును జైలీన్‌తో తుడిచి, ఆపై కణజాలం ఏమీ లేని ఖాళీ మైనపు దిమ్మను ఒకసారి కోసి, ఆ చుట్టలను కూడా ఒక ట్యూబులో వేసి నమూనాలతో పాటే చివరిదాకా నడిపిస్తున్నాము. ఖాళీ మైనపు ట్యూబులో ఎప్పుడైనా డీఎన్‌ఏ కనిపించిందంటే, ఆ రోజు కోసినవన్నీ అనుమానించవలసినవే. ఇంతవరకు ఒక్కసారీ కనిపించలేదు.

ప్రతి దిమ్మ నుంచి మొదటి ముక్కనూ చివరి ముక్కనూ మామూలు మందంలో కోసి, రంగు వేసి, స్లైడుగా ఉంచుతున్నాము. ట్యూబులోకి పోయిన చుట్టల్లో ఏమున్నదో ఈ రెండు స్లైడులే సాక్ష్యం చెప్పాలి.

నాలుగో వారం

జైలీన్‌తో మైనాన్ని కరిగించి, ఆల్కహాల్‌తో కడిగి, ప్రోటీనులను తెగగొట్టే ప్రోటీనేజ్ కె ఎంజైము కలిపి 56 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచి, మరునాడు, కణజాలం చెడకుండా మొదట నానబెట్టిన ఫార్మాలిన్ డీఎన్‌ఏకు వేసిన ముడులు కొంతైనా విడిపోవడానికి 90 డిగ్రీల దగ్గర ఒక గంట ఉంచాము. కాంతి శోషణ ఆధారంగా కొలిస్తే డీఎన్‌ఏ పుష్కలంగా వచ్చినట్టు కనిపించింది. ఫ్లోరెసెంట్ రంగుతో కొలిస్తే అందులో మూడో వంతు కూడా నిజం కాదని తేలింది. నాకు ఈ రెండో కొలత మీదే నమ్మకం.

పరిమాణం కన్నా పొడవు ముఖ్యం. 100, 200, 300, 400 అక్షరాల పొడవున్న డీఎన్‌ఏ ముక్కలను పీసీఆర్‌లో (ఒక ముక్కకు అనేక ప్రతులు తీసే పద్ధతిలో) పెంచి చూస్తే, దాదాపు అన్ని నమూనాలూ 200 దాకా వచ్చాయి. 300 కొన్నింటిలోనే వచ్చింది. 400 ఒకే ఒక్కదానిలో, అదీ మసకగా. రెండు దిమ్మలు 100 దగ్గరే ఆగిపోయాయి. అవి ఫార్మాలిన్‌లో ఎక్కువకాలం ఉండిపోయి ఉంటాయి. వాటిని పక్కన పెట్టవలసి వచ్చింది, 16 మిగిలాయి.

మెనిన్‌ను తయారుచేసే సమాచారం 1,830 అక్షరాల పైచిలుకు, అది రెండో దాని నుంచి పదో దాని దాకా తొమ్మిది ఎక్సాన్లలో (జన్యువులో ప్రోటీను సమాచారం ఉండే ముక్కల్లో) పరుచుకుని ఉంది. రక్తం నుంచి తీసిన డీఎన్‌ఏ అయితే ఒక్కొక్క ఎక్సాన్‌ను ఒకేసారి చదివేయవచ్చు. మా నమూనాలకు ఆ యోగం లేదు. 180 అక్షరాలు దాటని ముక్కలుగా, ఒకదాని అంచు మీదికి ఇంకొకటి కొంచెం వచ్చేటట్టు ప్రైమర్లను (పీసీఆర్ ఎక్కడ మొదలవ్వాలో చెప్పే చిన్న డీఎన్‌ఏ తునకలను) రూపొందించుకున్నాను. పదో ఎక్సాన్‌లో గ్వానిన్, సైటోసిన్ జంటలు దట్టంగా ఉండటం వల్ల డీఎన్‌ఏ పోగులు తేలికగా విడిపోవు. అక్కడికే నాలుగు రోజులు పట్టింది.

ఆరో వారం

ఈ వారం జరిగింది వివరంగా రాసుకోవాలి.

నాలుగో నమూనాలో సీఏజీ ఉండవలసిన చోట టీఏజీ కనిపించింది. సీఏజీ అంటే గ్లుటమిన్ అనే అమైనో ఆమ్లం. టీఏజీ అంటే ప్రోటీను తయారీ అక్కడితో ఆగిపోవాలన్న ఆజ్ఞ. సీక్వెన్సింగ్ రేఖాచిత్రంలో సైటోసిన్ (సీ) నీలి శిఖరం కింద థైమిన్ (టీ) ఎర్ర శిఖరం మూడో వంతు ఎత్తున స్పష్టంగా నిలబడి ఉంది. కణితిని అణచే జన్యువులో ప్రోటీనును మధ్యలో తెంపేసే మార్పు. నేను వెతుకుతున్నది సరిగ్గా అదే. తెర మీది ఆ బొమ్మను మా ఆచార్యులకు చూపించాను. ఆయన చాలాసేపు చూసి, "బాగుందమ్మా. ఎన్ని ట్యూబుల్లో చూశావు?" అని మాత్రం అడిగారు.

ఒక్క ట్యూబులోనే. అదే దిమ్మ నుంచి కొత్త చుట్టలు కోసి, మొదటి నుంచి డీఎన్‌ఏ తీసి మళ్లీ చదివాను. ఆ మార్పు లేదు. దానికి బదులు, అరవై అక్షరాల అవతల ఇంకో చోట సైటోసిన్ కింద థైమిన్ కనిపించింది. మూడోసారి తీస్తే రెండు చోట్లా శుభ్రంగా ఉంది. కణితిలో నిజంగా ఉన్న మార్పు తీసిన ప్రతిసారీ అదే చోట కనిపించాలి, ఇలా చోటు మార్చకూడదు.

కారణం తెలిసినదే, నా కళ్లతో చూడటం మాత్రం ఇదే మొదలు. ఫార్మాలిన్‌లో నిలవ ఉన్న డీఎన్‌ఏలో కొన్ని సైటోసిన్లు అమైనో సమూహాన్ని పోగొట్టుకుని యురాసిల్‌గా మారతాయి. పీసీఆర్‌లో వాడే ఎంజైము యురాసిల్‌ను చూసి థైమిన్ అనుకుంటుంది. మంచి ప్రతులు వేల సంఖ్యలో ఉంటే ఆ ఒక్క తప్పు వాటిలో కలిసి కనబడకుండా పోతుంది. ఈ నమూనాలో పెరగగలిగిన ప్రతులు పదుల సంఖ్యలోనే ఉండి ఉంటాయి కనుక, మొదటి విడతల్లోనే చెడిన ప్రతి ఒకటి పెరిగితే, చివరికి అదే శిఖరమై నిలుస్తుంది. యురాసిల్‌ను కోసి తీసేసే ఎంజైముతో ముందుగా శుద్ధి చేసి మళ్లీ చదివినప్పుడు ఇటువంటి మచ్చలు దాదాపు అన్నీ పోయాయి.

దాదాపు అని ఊరికే రాయలేదు. మిథైల్ సమూహం అతికిన సైటోసిన్ అదే విధంగా చెడితే యురాసిల్ కాకుండా నేరుగా థైమినే అవుతుంది, దాన్ని ఆ ఎంజైము గుర్తించలేదు. సైటోసిన్ పక్కన గ్వానిన్ ఉన్న చోట్ల ఈ ప్రమాదం ఎక్కువ. మెన్‌-1లో నిజమైన ఉత్పరివర్తనాలు కొన్ని అటువంటి చోట్లనే పడతాయి కూడా. అందుకని ఎంజైము ఉన్నా లేకపోయినా, విడివిడిగా రెండుసార్లు తీసిన డీఎన్‌ఏలో రెండువైపుల నుంచీ చదివినప్పుడు కనిపించని మార్పును ఉత్పరివర్తనంగా లెక్కించకూడదని ప్రయోగశాల గోడ మీద రాసి అంటించాను. పాత అధ్యయనాల అంకెల్లో కొంత వ్యత్యాసానికి మూలం ఇక్కడ ఉండవచ్చునని ఇప్పుడు అనిపిస్తున్నది.

ఎనిమిదో వారం

ఇక రెండో ప్రతి సంగతి. మెన్‌-1 పక్కనే పీవైజీఎం అనే జన్యువు దగ్గర సైటోసిన్, అడెనిన్ జంట పదే పదే వచ్చే ఒక గుర్తు ఉంది. తల్లి నుంచి వచ్చిన ప్రతిలో ఆ వరుస పొడవు ఒకటి, తండ్రి నుంచి వచ్చిన దానిలో మరొకటి అయితే, ఆరోగ్యకరమైన కణజాలంలో రెండు శిఖరాలు కనిపిస్తాయి. కణితిలో ఒకటి మాయమైతే క్రోమోజోములో ఆ భాగం పోయినట్టే. పోల్చడానికి రోగుల రక్తం మా దగ్గర లేదు. అయితే చాలా దిమ్మల్లో కణితి పక్కన చిన్న థైరాయిడ్ ముక్క అంటుకుని ఉంది, కొన్నింటిలో కొవ్వు, రక్తనాళాలు ఉన్నాయి. శస్త్రవైద్యుడు వదిలేయకుండా తీసిన ఆ కొసలే మాకు పెన్నిధి. 16 నమూనాల్లో 11 మందికి రెండు పొడవులు వేర్వేరుగా ఉన్నాయి. మిగతా అయిదుగురిలో ఈ గుర్తు ఏమీ చెప్పదు.

పన్నెండో నమూనా మొదట ఏమీ పోలేదనే చెప్పింది. రెండు శిఖరాల నిష్పత్తి 0.68. సగానికి తగ్గితేనే ఒక ప్రతి పోయినట్టు లెక్కించాలని మేము ముందే పెట్టుకున్న నియమం. నియమం ప్రకారం "పోలేదు" అని రాసి ముందుకు వెళ్లిపోవలసింది, కాని సాక్ష్యంగా ఉంచిన స్లైడు తీసి చూశాను. కణితి కణాలు ఒక మూలన ఉన్నాయి. మిగతాదంతా కణితి చుట్టూ అణగి మిగిలిన మామూలు గ్రంథి అంచు, కొవ్వు, థైరాయిడ్. అంటే ట్యూబులోకి పోయింది కణితి ఒక్కటే కాదు.

లెక్క చాలా సరళం. కణితి కణాలన్నీ ఒక ప్రతిని పోగొట్టుకున్నా, వాటితో పాటు వచ్చిన మామూలు కణాల్లో రెండు ప్రతులూ ఉంటాయి కనుక, పోయిన ప్రతి శిఖరం మామూలు కణాల వాటాకు సరిపడా ఎత్తున నిలుస్తుంది. మామూలు కణాలు మూడింట రెండు వంతులు ఉన్న ట్యూబులో 0.68 రావడంలో ఆశ్చర్యం లేదు.

స్లైడు మీదికి ఎక్కించిన కొత్త ముక్కలకు కేంద్రకాలను నీలంగా చూపే హెమటాక్సిలిన్ రంగు మాత్రం పల్చగా వేసి, మైక్రోస్కోపు కింద సన్నని సూదితో కణితి భాగాన్ని గీరి తీశాను. తడి ఉన్నంతసేపే కణజాలం సూదికి అంటుకుని పొరలా లేస్తుంది. ఆరితే ధూళిగా రాలిపోతుంది. ఊపిరి బిగబట్టి గీరవలసిన పని. ఎనిమిది ముక్కల నుంచి గీరింది ట్యూబు అడుగున కంటికి ఆనీ ఆనని మరక మాత్రమే. దానిలో నిష్పత్తి 0.22కు దిగింది.

అయినా వెంటనే నమ్మలేదు. చెడిన డీఎన్‌ఏలో పొడుగు ప్రతి పెరగకుండా పోయి, పొట్టిది మాత్రమే పెరగడం మామూలే. దానివల్ల ఏ ప్రతీ పోకపోయినా పోయినట్టు కనిపిస్తుంది. ఈ నమూనాలో తగ్గింది పొట్టి ప్రతి. ఫార్మాలిన్ చేసే మోసం ఆ దిశలో ఉండదు. మూడుసార్లు చేస్తే మూడుసార్లూ పొట్టిదే తగ్గింది. మిగతా పదింటినీ కూడా ఇదే పద్ధతిలో గీరి మళ్లీ చేయాలని నిర్ణయించాము. షెడ్యూలు మూడు వారాలు వెనక్కి పోయింది, అందుకు నాకు విచారం లేదు.

పదకొండో వారం

ఏడో నమూనాలో రెండో ఎక్సాన్ చదువుతుండగా, 83, 84 సంఖ్యల మూడక్షరాల సంకేతాల దగ్గర నాలుగు అక్షరాలు లేవని తేలింది. మెన్‌-1 వ్యాధి ఉన్న కుటుంబాల్లో పదే పదే కనిపించే మార్పుల్లో ఇది ఒకటి. ఫార్మాలిన్ అక్షరాన్ని మారుస్తుంది కాని, ప్రతిసారీ అవే నాలుగు అక్షరాలను ఎత్తుకుపోదు. రెండు విడి ట్యూబుల్లోనూ, రెండు దిశల్లోనూ అదే వచ్చింది.

పక్కనున్న థైరాయిడ్ ముక్కను చదివినప్పుడు వచ్చిన బొమ్మను ఇక్కడ వర్ణించి పెట్టుకుంటున్నాను. ఎడమవైపు నుంచి ఆ నాలుగు అక్షరాల దాకా శిఖరాలు ఒక్కొక్కటిగా, శుభ్రంగా నడుస్తాయి. అక్కడి నుంచి ప్రతి చోటా రెండేసి శిఖరాలు, ఒకదాని మీద ఒకటి: మంచి ప్రతి తన దారిన పోతుంటే, తెగిన ప్రతి నాలుగు అడుగులు ముందుకు జరిగి దాని మీదే నడుస్తున్నది. కణితి భాగంలో తీసిన బొమ్మలో ఆ చిక్కు లేదు. నాలుగు అక్షరాలు లేని వరుస ఒక్కటే స్పష్టంగా సాగిపోతున్నది. మంచి ప్రతి, కింద నీడలాగా, కణితిలో చిక్కుకున్న రక్తనాళాల కణాల వాటా మేరకే మిగిలింది. మొదటి దెబ్బ థైరాయిడ్‌లో ఉంది, రెండోది కణితిలో ఉంది. 1971 నాటి లెక్క రెండు రేఖాచిత్రాలుగా నా ముందు ఉంది. ఇంత స్పష్టంగా చూస్తానని అనుకోలేదు.

ఆ సంతోషం వెనుకనే మరో ఆలోచన వచ్చింది. థైరాయిడ్‌లో కూడా ఉన్నదంటే ఆ మార్పు ఈ మనిషి శరీరమంతటా ఉండే అవకాశమే ఎక్కువ. సంతానం ఉంటే ఒక్కొక్కరికీ రావడానికి సగం అవకాశం. పాంక్రియాస్‌లో, పిట్యూటరీలో కణితులు వస్తున్నాయేమో ఎప్పటికప్పుడు చూసుకోవలసిన మనిషి ఇతను లేదా ఈమె. ఆ సంగతి వారికి తెలుసో లేదో కూడా నాకు తెలియదు. నా దగ్గర ఉన్నది "7" అన్న అంకె మాత్రమే.

పదకొండో వారం, శుక్రవారం

అనుమతి పత్రంలో ఇటువంటి సందర్భానికి దారి రాసి ఉంది. అంకెకూ మనిషికీ సంబంధం తెలిపే జాబితా తాళం పాథాలజీ విభాగంలో ఒకరి దగ్గరే ఉంటుంది. మా ఫలితం పరిశోధన ఫలితమే కాని రోగనిర్ధారణ కాదు. కనుక నేను రాసిన నోటు వారి ద్వారా చికిత్స చేసిన వైద్యునికి చేరుతుంది. ఆయన రోగితో మాట్లాడి, ఒప్పుకుంటే జన్యు సలహాదారు సమక్షంలో కొత్తగా రక్తం తీసి, రోగనిర్ధారణకు గుర్తింపు ఉన్న ప్రయోగశాలలో పరీక్ష చేయిస్తారు. నోటు ఒక పేజీ కూడా లేదు. "బహుశా", "నిర్ధారించవలసి ఉంది" అన్న మాటలు ఎక్కడ ఉండాలో తూచి రాయడానికి సాయంత్రమంతా పట్టింది.

పద్నాలుగో వారం

గీరి తీసిన నమూనాలన్నీ పూర్తయ్యాయి. గుర్తు పనికివచ్చిన 11 నమూనాల్లో అయిదింట ఒక ప్రతి పోయింది. గీరకముందు లెక్కించి ఉంటే మూడింటిలోనే కనిపించేది. ఉత్పరివర్తనాలు నాలుగు నమూనాల్లో నిలిచాయి, ఏడోది వాటిలో ఒకటి. అంకెలు చిన్నవి, వీటి మీద పెద్ద మాటలు చెప్పను.

ఈ వారం మెనిన్ ప్రోటీనుకు రంగు వేశాము. మెనిన్ కేంద్రకంలో ఉంటుంది. మెనిన్‌ను పట్టుకునే ప్రతిరక్షకం అంటిన చోట కేంద్రకం గోధుమ రంగులో కనిపిస్తుంది, లేని చోట హెమటాక్సిలిన్ నీలమే మిగులుతుంది. ఏడో నమూనాలో కణితి కేంద్రకాలన్నీ నీలంగా, వాటి మధ్యగా పోతున్న సన్నని రక్తనాళపు గోడలో కేంద్రకాలు గోధుమ రంగులో, వరుసగా ఉన్నాయి. రక్తనాళం రంగు పట్టకపోయి ఉంటే రంగు వేయడంలోనే తప్పు జరిగిందనుకోవలసి వచ్చేది. ఇన్నాళ్లూ నేను సూదితో తప్పించుకుంటూ వచ్చిన ఆ మామూలు కణాలే ఇవాళ ప్రయోగానికి సాక్షులయ్యాయి.

స్లైడు ముందు కూర్చున్నంతసేపూ ఒక ప్రశ్న వదలలేదు. మెనిన్ దాదాపు అన్ని కణజాలాల్లోనూ ఉంటుంది. డీఎన్‌ఏ చుట్టుకుని ఉండే హిస్టోన్ ప్రోటీనులపై గుర్తులు వేసే సముదాయంలో చేరి, కణ విభజనకు కళ్లెం వేసే పీ27, పీ18 జన్యువులను పనిచేయిస్తుంది. ఆ పని అన్ని కణాలకూ అవసరమే కదా, అలాంటప్పుడు అది పోతే కణితులు ముఖ్యంగా వినాళ గ్రంథుల్లోనే ఎందుకు వస్తాయి? ఎలుకల కాలేయంలో రెండు ప్రతులనూ తీసేసినా కాలేయం మామూలుగానే ఉన్నదని 2004లో చూపించారు. అంతకన్నా వింత ఏమిటంటే, కొన్ని రక్త కేన్సర్లలో మెనిన్ కణితికే ఊతం. అక్కడ దాన్ని అడ్డుకునే రెవ్యూమెనిబ్ అనే మందుకు 2024 నవంబరులో అమెరికాలో అనుమతి వచ్చింది. గ్రంథిలో కాపలాదారు, ఎముక మజ్జలో తోడుదొంగ. మా 16 దిమ్మలు ఈ ప్రశ్నకు జవాబు చెప్పలేవని తెలుసు, అయినా పీ27కు కూడా రంగు వేయడానికి ముక్కలు కోసి ఉంచమని టెక్నీషియన్ గారిని అడిగాను. "బ్లేడులు తెప్పించండి మరి" అన్నారు.

పదిహేనో వారం

పదిహేనో నమూనా లొంగడం లేదు. కణితి కేంద్రకాల్లో మెనిన్ లేదు, రక్తనాళాల్లో ఉంది. పీవైజీఎం గుర్తు దగ్గర ఒక ప్రతి పోయింది, మూడుసార్లూ పోయింది. అంటే రెండో దెబ్బ పడినట్టే. మొదటిది మాత్రం దొరకలేదు: తొమ్మిది ఎక్సాన్లనూ రెండు విడి ట్యూబుల నుంచి, రెండువైపుల నుంచీ చదివాను, ఒక్క అక్షరం తేడా లేదు.

మేము చదివింది ప్రోటీనుకు సంబంధించిన భాగాన్నీ దాని అంచులనూ మాత్రమే. మార్పు ఎక్సాన్ల మధ్య భాగంలో లోతుగా ఉండవచ్చు, జన్యువును మొదలుపెట్టించే చోట ఉండవచ్చు. ఒక ఎక్సాన్ మొత్తం ఎగిరిపోయి ఉంటే కూడా మా పద్ధతి పట్టుకోలేదు, ఎందుకంటే కలిసి వచ్చిన మామూలు కణాల్లోని మంచి ప్రతి ఆ ఖాళీని పూడ్చేస్తుంది. ఎక్సాన్ల ప్రతులను లెక్కపెట్టే ఎంఎల్‌పీఏ పరీక్షే ఇక దారి. దానికి కావలసినంత డీఎన్‌ఏ ఎనిమిది ముక్కల గీరుడుతో రాదు.

దిమ్మలో ఇంకా ఎంత మిగిలి ఉందో ఈ సాయంత్రం వెలుతురుకు ఎత్తి చూశాము. టెక్నీషియన్ గారు గోరుతో అంచు తడిమి, ముప్పై ముక్కలు వస్తాయని, అంతకు మించి కోస్తే రోగి కోసం దిమ్మలో ఏమీ మిగలదని చెప్పారు. భవిష్యత్తులో ఆ మనిషికి మళ్లీ పరీక్ష అవసరమైతే ఈ దిమ్మే ఆధారం. ఇరవై కోసి, పది వదిలేద్దామని అనుకున్నాము. రేపు ఉదయం మొదలుపెడతాము. కొత్త బ్లేడు, ఖాళీ మైనపు దిమ్మ బల్ల మీద సిద్ధంగా పెట్టి వచ్చాను.